లోడ్ పడినా స్పిండిల్ స్పీడ్ తగ్గడం లేదు: సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు

నిన్న రాత్రి లేత్ మీద 2 మిల్లీమీటర్ల కట్ పెట్టి, స్పిండిల్ (జాబ్‌ను, అంటే కోసే ముక్కను, పట్టి తిప్పే ఇరుసు) స్పీడ్ టాకోమీటర్‌తో (చుట్లు కొలిచే మీటర్) చూశాను. తిరుగుతున్నది నిమిషానికి 1200 చుట్లు. టూల్ తగలగానే ఒక్క క్షణం 1188కి దిగింది, మళ్ళీ 1200కి వచ్చేసింది. కట్ పూర్తయ్యేవరకు అక్కడే ఉంది. ఆ అంకె చూసిన సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

రెండు నెలలుగా టూల్ తగిలితే చాలు, మోటార్ శబ్దం బరువెక్కి స్పీడ్ పడిపోయేది. జాబ్ మీద గీతలు పడేవి. డ్రైవ్ (మోటార్‌కు వెళ్ళే కరెంట్ ఫ్రీక్వెన్సీ మార్చి స్పీడ్‌ను నడిపే పెట్టె) పాడైందనుకుని కొత్తది కొనబోయాను. ఆపింది మీరే సార్. ఇన్నేళ్ళు మోటార్లతోనే గడిపిన మనిషి, నాలాంటివాడి ఒక్క మెషిన్ కోసం మూడు సాయంత్రాలు కూర్చున్నారు. "ముందు కొలువు, తర్వాత కొందువుగాని" అన్నారు.

మీరు మొదట చేయించిన పని నాకసలు తట్టనే లేదు. మోటార్ పుల్లీకీ స్పిండిల్ పుల్లీకీ మెరిసే స్టిక్కర్ అంటించి, రెండిటి స్పీడూ కట్ పడుతుండగా కొలిపించారు. రెండు పుల్లీలూ ఒకే సైజు. డ్రైవ్ 40 హెర్ట్జ్ ఇస్తోంది, అంటే 1200 తిరగాలి; మోటార్ 1148 తిరుగుతోంది, స్పిండిల్ మాత్రం 1100. పోతున్న స్పీడులో సగం బెల్ట్ దగ్గరే పోతోంది! నేను డ్రైవ్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఆ సగం ఎలా వస్తుంది? బెల్ట్ బిగించాక అది సరిపోయింది.

మిగతా సగం అసలు విషయం. మోటార్ నేమ్‌ప్లేట్ మీద 2.2 కిలోవాట్లు, 50 హెర్ట్జ్, 1440 ఆర్‌పీఎం అని ఉంది. డ్రైవ్‌లో రేటెడ్ స్పీడ్ దగ్గర 1500 అని ఉంది. 4 పోల్ మోటార్ కాబట్టి 50 హెర్ట్జ్ దగ్గర లోపలి అయస్కాంత క్షేత్రం తిరిగేది 1500. ఫుల్ లోడ్‌లో రోటర్ దానికంటే 60 వెనకబడుతుంది, అదే స్లిప్. మనం 1500 అని రాస్తే ఈ మోటార్‌కు స్లిప్పే లేదని డ్రైవ్‌కు చెప్పినట్టు. ఇక అది దేన్ని సరిదిద్దుతుంది? ఇంకో మాట కూడా చెప్పారు: వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ ఒకే నిష్పత్తిలో తగ్గించినా అదే టార్క్‌కు (తిప్పే బలానికి) స్లిప్ దాదాపు ఆ 60 దగ్గరే ఉంటుందని. 1500లో 60 అంటే 4 శాతం, 300లో 60 అంటే ఐదో వంతు. తక్కువ స్పీడులో నా మెషిన్ అంతగా ఎందుకు చతికిలపడేదో అప్పుడు అర్థమైంది.

అంకెను 1440గా సరిచేసి, బెల్ట్ తీసేసి, మోటార్‌ను ఖాళీగా తిప్పుతూ ఆటో ట్యూన్ (డ్రైవ్ తనంతట తానే మోటార్ విలువలు కొలుచుకోవడం) చేశాం. ఇంతకుముందు నేను బెల్ట్ ఉండగానే చేశాను, అందుకే దానికి సరైన విలువలు దొరకలేదు. ఆ తర్వాత సెన్సార్‌లెస్ వెక్టర్ మోడ్‌కు (స్పీడ్ సెన్సార్ లేకుండానే డ్రైవ్ స్పీడ్‌ను అంచనా వేసి సరిదిద్దే పద్ధతి) మార్చాం. ఇప్పుడు కట్‌లో డిస్‌ప్లే మీద 40 బదులు 41.7 హెర్ట్జ్ కనిపిస్తుంది. తప్పేమోనని మొదట కంగారు పడ్డాను. రోటర్ వెనకబడినంత మేర డ్రైవ్ ఫ్రీక్వెన్సీ పెంచుతోందన్నమాట. ఫ్రీక్వెన్సీ గరిష్ఠ పరిమితి సరిగ్గా 50 దగ్గర ఉంటే ఫుల్ స్పీడులో అలా పెంచడానికి చోటు ఉండదని, దాన్ని కాస్త పైకి జరిపించారు.

గెయిన్ల దగ్గరే, అంటే స్పీడ్ తేడాకు డ్రైవ్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగుల దగ్గరే, ఎక్కువ సమయం పట్టింది. ప్రపోర్షనల్ గెయిన్ మెల్లగా పెంచుతూ పోతే ఒకచోట మోటార్ గుర్రుమంటూ స్పీడ్ పైకీ కిందికీ ఊగింది. అక్కడి నుంచి మూడో వంతు తగ్గించాం. తర్వాత ఇంటెగ్రల్ టైమ్ (మిగిలిన తేడాను ఎంత త్వరగా పూడ్చాలో చెప్పేది) కొద్దికొద్దిగా కుదిస్తే దిగిన స్పీడ్ త్వరగా కోలుకుంది. ఇదంతా మోటార్ వేడెక్కాకే చేయాలని మీరు పట్టుబట్టారు, ఎందుకంటే వేడికి రోటర్ రెసిస్టెన్స్ పెరిగి స్లిప్ కూడా మారుతుంది. చల్లటి మోటార్ మీద ట్యూన్ చేసి వెళ్ళిపోవచ్చు, అరగంట ఆగాల్సిన పని మీకేమీ లేదు. ఆ అరగంటను నేను మరచిపోలేను.

కరెంట్ లిమిట్ 100 శాతం దగ్గర ఉందని గమనించింది మాత్రం తమ్ముడే. కరెంట్ ఆ హద్దు తాకగానే డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి ఫ్రీక్వెన్సీ తగ్గించేస్తోంది, స్పీడ్ పడిపోవడానికి అదీ ఒక కారణం. మాన్యువల్‌లో ఒక నిమిషం పాటు 150 శాతం వరకు పరవాలేదని చూపించి మార్చాడు. టాకోమీటర్ కూడా అతనిదే. రెండు వారాలు నా దగ్గరే ఉంచుకున్నా ఒక్కసారి అడగలేదు. రేపు తెచ్చి ఇస్తాను తమ్ముడూ.

సార్, మార్చిన ప్రతి పారామీటర్, పాత విలువతో సహా కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించాను. తక్కువ స్పీడులో మోటార్ సొంత ఫ్యాన్ గాలి చాలదని మీరన్న మాట గుర్తుంది. విడిగా తిరిగే ఫ్యాన్ తెప్పించాను, ఈ ఆదివారం బిగిస్తున్నాను. వీలైతే ఒకసారి వచ్చి చూడండి.