బోరుకూ ఒక దస్తావేజు కావాలి

సంపాదకులకు,

హైదరాబాద్ శివార్లలో ఇల్లు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయిస్తారు, లాయరుకు చూపిస్తారు. బోరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'నీళ్లకు కొదవ లేదండీ' అన్న అమ్మేవారి మాటే సరిపోతోంది. నల్లా కనెక్షన్ లేని కాలనీలో ఆ మాట తప్పితే ఎండాకాలమంతా ట్యాంకర్లే దిక్కు.

మాటకు రుజువుగా మోటారు వేసి చూపిస్తారు. ధార ధాటిగానే పడుతుంది. అయితే ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్ల నీళ్లు నిలుస్తాయి. మోటారుకు పైన 300 అడుగుల నీళ్లుంటే దాదాపు 2,000 లీటర్లు ముందే నిలవ ఉన్నట్టు. నిమిషానికి 60 లీటర్లు తోడే మోటారు ఆ నిలవనే అరగంటకు పైగా పోస్తుంది. రాతి గ్యాపుల్లోంచి ఊరేదెంతో అప్పటిదాకా బయటపడదు. ముందురోజు మోటారు ఆపి ఉంచితే ఎంత బీద బోరైనా కాసేపు కలిగినదిలాగే కనిపిస్తుంది.

కాబట్టి కనీసం 2 గంటలు ఆపకుండా నడిపించాలి. సంపులో పడే చోట కాదు, బోరు మూతి దగ్గరే పైపు విప్పించి 20 లీటర్ల బకెట్ పట్టాలి. మొదట్లో ఒకసారి, అరగంటకు, గంటకు, 2 గంటలకు, ఫోన్‌లో సెకన్లు చూసుకుంటూ. 20 సెకన్లలో నిండిన బకెట్ చివరికి 40 సెకన్లు తీసుకుంటే 60 లీటర్ల బోరు కాస్తా 30 లీటర్లదైందన్నమాట. ధార తెగుతూ గాలి కొడితే నీళ్లు మోటారు దాకా దిగిపోయాయని అర్థం. అలాగని సన్నటి ధారను చూసి పారిపోనక్కర్లేదు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఐదుగురికి 675 లీటర్లు చాలు. నిమిషానికి 10 లీటర్లు నిలకడగా ఇచ్చే బోరు గంటా పది నిమిషాల్లో వాటిని పోస్తుంది. కావలసింది ఆ నిలకడే, అదీ మే నెలలో. వానలు వెలిసిన కార్తీకంలో చూసి బయానా ఇచ్చేవాళ్లు, నిరుడు వేసవిలో ట్యాంకర్లు తెప్పించారా అని ఇరుగుపొరుగును అడగడం మేలు.

నీళ్ల పరీక్ష మరో ముఖ్యమైన పని. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ పెన్ను ముంచి '400 ఉంది, బ్రహ్మాండం' అనేస్తుంటారు. ఆ పెన్ను ఫ్లోరైడ్‌ను చూపదు. ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు, మరిగించినా పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నల్లగొండ వైపు వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే మొదట సెప్టిక్ ట్యాంకును అనుమానించాలి. బోరుకూ దానికీ కనీసం 50 అడుగుల దూరం ఉండాలి, పక్కింటి ట్యాంకును కూడా కలిపే కొలవాలి. వాన పడ్డ మర్నాడు బురద నీళ్లు వస్తున్నాయంటే కేసింగ్, అంటే బోరు పైభాగంలో మట్టి జారకుండా దించే గొట్టం, గట్టి రాయి దాకా దిగలేదని అనుమానం. శాంపిల్‌ను 2 గంటలు తోడాక, ట్యాంకులోంచి కాకుండా బోరు దగ్గరే పట్టాలి. సూక్ష్మజీవుల పరీక్షకైతే ప్రయోగశాల వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసానే వాడి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి.

ఇంకొకటి చాలామంది చూడరు. బోరు మెట్ల కిందో, పోర్టికో స్లాబు కిందో ఉంటే, మోటారు కాలిన రోజున పైపులు పైకి లాగడానికి చోటుండదు, స్లాబుకు కన్నం కొట్టాల్సిందే. రెండిళ్లకు ఒకే బోరైతే వాటా, కరెంటు మీటరు ఎవరి పేరనేవి దస్తావేజులో రాయించాలి. పాత ఎండిన బోరు ఉంటే దాన్ని అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. పైన బండ పెట్టి ఊరుకుంటే కుదరదు.

ఇదంతా కొనేవాడి తెలివికే ఎందుకు వదిలేయాలి? బావులూ బోర్లూ నమోదు చేయించాలని నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతూనే ఉంది. ఇల్లు చేతులు మారేటప్పుడు ఆ నమోదు పత్రం, బోరు లోతు, కేసింగ్ లోతు, మోటారు దించిన లోతు, 2 గంటల తోడుడు లెక్క, ఏడాది లోపు నీటి పరీక్ష నివేదిక, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మేవారు సంతకం చేసి దస్తావేజుకు జత చేయాలని రిజిస్ట్రేషన్ శాఖ నిబంధన పెట్టాలి. భూగర్భ జల శాఖ తన పరిశీలక బావుల్లో కొలిచే ఆ మండలపు మే నెల నీటి మట్టాన్ని కూడా అదే కాగితంలో చేర్చవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఘట్‌కేసర్