ముక్కనుమ నాడు పరిగెడదాం

నెల్లూరు

చిట్టితల్లీ,

మీరు ముగ్గురూ చేతులు పట్టుకుని పరుగు చివరి గీత దాటుతున్న ఫోటో అందింది. నెత్తిన టర్కీ కోడి టోపీలు భలే ఉన్నాయి. మీ అమెరికాలో బఫెలో ఊళ్లో థ్యాంక్స్‌గివింగ్ పరుగు 1896లో ఆరుగురితో మొదలైందనీ, బోస్టన్ మారథాన్ కన్నా ఐదు నెలలు పెద్దదనీ నువ్వు ఫోనులో చెప్తుంటే మీ నాయన ఎంత ఆశ్చర్యపోయాడో! ఎనిమిది కిలోమీటర్లంటే మాటలా? నాకైతే అన్నిటికన్నా అల్లుడి తీరు నచ్చింది. తలచుకుంటే ఎంత ముందుకైనా పోగలడు. అయినా చిన్నోడు నడిస్తే నడుస్తూ, ఉరికితే ఉరుకుతూ వాడి పక్కనే వచ్చాడన్నావే, నా కడుపు నిండిపోయింది.

సంక్రాంతికి వస్తారు కదా, ఇక్కడా అలాగే పరిగెడదామమ్మా. నవంబరులో మనకు కుదిరే పని కాదు, ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు అప్పుడే. జనవరికి వానలు తగ్గి, పొద్దున్నే చల్లగా హాయిగా ఉంటుంది.

ఏ రోజన్నదే తేలలేదు. మీ నాయన భోగి అన్నాడు. తెల్లారుజామున వీధి వీధినా మంటలే, ఆ పొగలో చిన్నోణ్ణి పరిగెత్తించడం నాకిష్టం లేదు. పెద్ద పండగ నాడు పొంగలి, పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, వచ్చేపోయే చుట్టాలు. ఆ పూటైతే మీరంతా పోతారు, నేను పొయ్యి దగ్గరే ఉంటాను. నాకూ పరిగెత్తాలని ఉందే! నీళ్ల సీసా పట్టుకుని గేటు దగ్గర ఎదురుచూడటం కాదు, మీ మధ్యలో ఉండాలి. ఇక కనుమ అనగానే మీ నాయనమ్మ, "కనుమ నాడు కాకైనా కదలదంట, మీరెక్కడికి ఉరికేది?" అంది. ఆమె మాట కాదనబుద్ధి కాలేదు.

అందుకే ముక్కనుమ. కనుమ సాయంత్రమే కొరమీను పులుసు పెట్టేస్తాను. మన చేపల పులుసు ఒక రాత్రి నిలవుంటేనే కదా పులుపూ కారం ముక్కకు పట్టేది. తెల్లారి నాకు వంటింట్లో పనుండదు. టిఫినుకి బయటి నుంచి కారం దోశలు తెప్పిద్దాం. మూలాపేట నుంచి రంగనాయకుల గుడి దాకా పోయి, పెన్న ఒడ్డున కాసేపు కూర్చుని వెనక్కి వద్దాం. కనుమ నాటి రథం ముగ్గులు వీధుల్లో ఇంకా చెరిగి ఉండవు, తొక్కకుండా పక్కనుంచి పొమ్మని చిన్నోడికి ముందే చెప్పు. వాడు మొదట్లోనే దూకుడుగా ఉరికి, సందు తిరిగేలోపే డీలా పడతాడు. కాసేపు నడక, కాసేపు పరుగు అలవాటు చెయ్యి. షుగరు మాత్రలు వేసుకునే మీ నాయన్ని ఉత్త కడుపున బయలుదేరనివ్వను. అరటిపండు తిని, జేబులో చక్కెర బిళ్లలు పెట్టుకుని రావాల్సిందే. టైము చూసుకునే పని ఎవరూ పెట్టుకోవద్దు. నాయనమ్మ వీధి మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటానంది. అక్కడి నుంచి ఇంటి దాకా ఆమె అడుగుతో అందరం నడుద్దాం.

నాకు బూట్లు కావాలి. పాదం కొలత కాగితం మీద గీసి మీ నాయన ఫోటో పంపిస్తాడు. వచ్చేటప్పుడు తేవద్దు, ముందే పంపించు. కొత్త బూట్లతో ఆ రోజే పరిగెడితే బొబ్బలెక్కుతాయి. పండగ లోపల రోజూ వేసుకుని నడుస్తాను.

మీ అమ్మ