అమ్మలూ, డ్రిల్ పట్టుకునే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నాలుగు లైట్లు కొన్నానమ్మా, ఆదివారం బోటుకి బిగించేస్తాను" అన్నావు. నేను "ఊఁ" అని ఊరుకున్నాను. నీకది ఒప్పుకున్నట్టు వినిపించి ఉంటుంది. ఒప్పుకోలేదు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, నేను గొంతు పెంచుతాను, చివరికి ఇద్దరం వేరే ఏదో విషయం మీద పోట్లాడుకుని పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను. బిగించొద్దని కాదు. రాత్రిపూట బోటు కింద నీళ్లు వెలుగుతుంటే చూడ్డం నాకూ ఇష్టమే.

మన పాత బోటుకి మీ నాన్న లైట్లు పెట్టిన సంగతి నీకు గుర్తుండదు. అప్పటికి నీకు నాలుగేళ్లు. ఆయన బయట నిలబడి దర్జాగా డ్రిల్ చేస్తుంటే, నేను లోపల ఇరుకులో బోర్లా పడుకుని ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో స్పానరు పట్టుకున్నాను. బయటి నుంచి ఆ పని చాలా అందంగా వచ్చింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. లోపలి నుంచి ఎలా ఉందో నేనొక్కదాన్నే చూశాను. బోటుకి లైట్లు పెట్టడమంటే నా దృష్టిలో ముందు చిల్లు పెట్టడం, ఆ తర్వాతే వెలుగు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. అవి త్రూహల్ రకం. లైటు వెనక లావుపాటి గొట్టం ఉంటుంది, అది బోటు ఫైబర్ గోడలోంచి లోపలికి వచ్చి, వెనక పెద్ద నట్టుతో బిగుసుకుంటుంది. ఒక్కోదానికి 50 మిల్లీమీటర్ల చిల్లు కావాలి. నిన్న రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద 50 మిల్లీమీటర్ల చిల్లు తెరుచుకుంటే నిమిషానికి సుమారు 170 లీటర్ల నీళ్లు లోపలికి వస్తాయి. అడుగున చేరిన నీళ్లు తోడే పంపు మీద గంటకి 1100 గ్యాలన్లని రాసి ఉందనుకో, అంటే నిమిషానికి 70 లీటర్లు. అదీ ఎత్తుకి తోడే భారం లేకుండా, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. మరి నువ్వు పెట్టేది అలాంటి చిల్లులు నాలుగు.

అదే సర్ఫేస్ మౌంట్ రకమైతే లైటు మొత్తం బయటే అంటుకుని ఉంటుంది, లోపలికి వచ్చేది వైరు ఒక్కటే. దానికి 12 మిల్లీమీటర్ల చిల్లు అనుకుందాం. ఆ సీలు పూర్తిగా ఊడిపోయినా నిమిషానికి 10 లీటర్లే. పంపు తోడేస్తుంది, నువ్వు ఒడ్డుకి వచ్చేస్తావు. త్రూహల్ లైట్లు చెడ్డవని అనడం లేదు. ఏడాది పొడుగునా నీళ్లలోనే ఉండే పెద్ద బోట్లలో కొన్ని రకాలకి బోటు పైకి లాగకుండా లోపలి నుంచే దీపం మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం కోసం పెద్ద చిల్లు పెట్టుకుంటారు. నీ బోటు వారానికోసారి ట్రైలర్ ఎక్కి, అదే కారు వెనక లాక్కెళ్లే బండి ఎక్కి, ఇంటికొచ్చేది. లైటు పాడైతే పెరట్లో కూర్చుని మార్చుకుంటావు. నీకెందుకు ఆ పెద్ద చిల్లులు? డబ్బా విప్పకపోతే తిరిగి ఇచ్చేసి సర్ఫేస్ మౌంట్ తెచ్చుకో. నీళ్లు వదిలే బిరడా స్థానంలో బిగించే లైట్లు కూడా ఉన్నాయి, వాటికైతే కొత్త చిల్లే అక్కర్లేదు. ఒక్క లైటు చాలనుకుంటే అదే నయం.

నాలుగు కూడా వద్దు. అంత చిన్న బోటు వెనక పలకకి మోటారుకి అటొకటి ఇటొకటి చాలు. మరీ మధ్యకి జరపకు. ప్రొపెల్లర్‌కి వెళ్లే నీటికి లైటు అడ్డమైతే బుడగలు పుడతాయి. గాలి కలిసిన నీళ్లలో ప్రొపెల్లర్ పట్టు జారి ఉత్తినే గిరగిరా తిరుగుతుంది. చేపలు చూసే సోనార్ ముక్క ఎక్కడుందో చూసుకో, దాని ముందు కూడా పెట్టొద్దు. ఇక లోతు. బోటు నిలబడి ఉన్నప్పుడు నీటి మట్టం ఎక్కడికి వస్తుందో ముందు నీళ్లలో పెట్టి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. ఇంట్లో ట్రైలర్ మీద చూసి అంచనా కట్టకు, మీ నాన్న అలాగే కట్టారు. ఆ గీతకి 20 నుంచి 30 సెంటీమీటర్ల కిందైతే బాగుంటుంది. మరీ పైన ఉంటే అల ఊగినప్పుడల్లా లైటు బయటపడి కళ్లలో కొడుతుంది. మరీ కిందైతే వెలుగు పైకి సరిగా రాదు. గీత గీశాక బోటుని మళ్లీ ట్రైలర్ ఎక్కించి, ఆ చోట రోలర్లు తగలవు కదా అని కూడా చూడు.

ఇప్పుడు అసలు సంగతి. మన పాత బోటు ఎందుకు అమ్మేశామని చిన్నప్పుడు నువ్వు చాలాసార్లు అడిగావు. ఏదో ఒకటి చెప్పి తప్పించేవాళ్లం. దాని వెనక పలక పైకి ఫైబర్‌లా కనిపించేది గానీ, లోపల ప్లైవుడ్ ఉండేది. మోటారు బరువు మోయడానికి చాలా బోట్లలో అలాగే పెడతారు. మీ నాన్న చిల్లు పెట్టి, బయట చుట్టూ సీలెంట్ పూసి బిగించేశారు. చిల్లు లోపలి గోడలో ప్లైవుడ్ అంచు పచ్చిగా అలాగే ఉండిపోయింది. స్క్రూల బెజ్జాలదీ అదే కథ. నీళ్లు బోటులోకి రాలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. వెళ్లింది చెక్కలోకి. మూడేళ్లకి ఒకరోజు మోటారు పైకెత్తుతుంటే పలక కదిలినట్టు అనిపించింది. తట్టి చూస్తే మెత్తగా ఉంది. కోసి తీసి మొత్తం పలక కొత్తది కట్టాలన్నారు. ఆ ఖర్చు మేం పెట్టుకోలేకపోయాం.

ఆ రోజు చిల్లు పెట్టగానే టార్చి వెలుగులో చెక్క పొరలు నాకు స్పష్టంగా కనిపించాయి. "ఇదేంటండీ, చెక్కలా ఉంది?" అన్నాను. "సీలెంట్ ఉందిగా" అన్నారు. నేను ఇంకోసారి అడగలేదు. అది ఆయన తప్పెంతో నా తప్పూ అంతే.

కాబట్టి నువ్వు ముందు స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా తట్టి విను. గట్టిగా టక్‌మంటే సరే. దబ్‌మని మందంగా వినిపించిన చోట లోపల ఇప్పటికే తడి ఉండొచ్చు, అప్పుడు లైట్ల మాట పక్కన పెట్టి ముందు ఎవరికైనా చూపించు. పలక బాగుంటే చిల్లు కావలసినదానికన్నా పెద్దదే పెట్టు. ఎపాక్సీలో, అంటే రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురులో, చిక్కబరిచే పొడి కలిపి, ముద్దలా చేసి, ఆ చిల్లంతా నింపేసెయ్. పూర్తిగా గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్యలోంచి అసలు సైజు చిల్లు పెట్టు. ఇప్పుడు వైరు చుట్టూ ఉండేది ఎపాక్సీ గోడ, ఎక్కడా చెక్క కనిపించదు. స్క్రూలకి కూడా ఇంతే, ఒక్కోదానికీ. విసుగ్గా ఉంటుంది. ఆదివారం ఒక్క రోజులో అయ్యే పని కాదని నేననేది ఇందుకే.

డ్రిల్ చేసే చోట మాస్కింగ్ టేపు అంటించు. పైన మెరిసే జెల్‌కోట్ పొర గాజులాంటిది, పెళుసు. హోల్ సా (డ్రిల్‌కి తగిలించే గుండ్రటి రంపం) వాడుతుంటే ముందు కాసేపు వెనక్కి తిప్పు, పళ్లు జెల్‌కోట్‌ని నెమ్మదిగా గీరుతాయి, పెచ్చులు లేవవు. తర్వాత ముందుకి తిప్పి కోసెయ్. బ్యాటరీ డ్రిల్లే వాడు. తడి నేల మీద కరెంటు వైరు లాక్కుని పని చేయొద్దు.

సీలెంట్ విషయానికొస్తే, బాత్రూంలో వాడే సిలికాన్ మాత్రం తేకు. నీటి మట్టం కింద వాడటానికే చేసిన పాలీయురెథేన్ రకం తీసుకో. అందులోనూ ఊడదీయడానికి వీలయ్యేది. శాశ్వతంగా అతికే రకం పెడితే రేపు లైటు మార్చేటప్పుడు జెల్‌కోట్ కూడా దాంతో ఊడొస్తుంది. పాలీసల్ఫైడ్ అనే ఇంకో రకం ఉంది, అది కొన్ని ప్లాస్టిక్‌లని తినేస్తుంది. లైటు ఒళ్లు ప్లాస్టిక్ అయితే దాని జోలికి పోకు. అంటించే ముందు ఆ చోటు ఎసిటోన్‌తో తుడిచి ఆరనివ్వు. స్క్రూలు మరీ బలంగా బిగించావంటే సీలెంటంతా పక్కలకి కారిపోతుంది, మధ్యలో ఏమీ మిగలదు. చుట్టూ సమానంగా కొంచెం బయటికి రాగానే ఆపెయ్. ట్యూబు మీద ఆరడానికి ఎన్ని రోజులని రాసుంటే అన్ని రోజులూ ఆగు. మీ నాన్న ఒక ట్యూబు మొత్తం వాడారు, అందులో సగం ఆయన జుట్టుకే అంటింది. వారం తర్వాత కత్తిరించుకోవాల్సి వచ్చింది.

వైరింగ్ నీకు నాకన్నా బాగా తెలుసు, అయినా చెబుతాను. ఒక్కోటి 30 వాట్ల లైట్లు రెండు, 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతాయి. బ్యాటరీ నుంచి వెనక్కి 5 మీటర్లుంటే పోను రాను 10 మీటర్ల రాగి. 1 చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే దారిలోనే 0.86 వోల్టులు పోతాయి. 2.5 వేస్తే 0.34 పోతాయి. 2.5 వెయ్యి. తగరం పూత ఉన్న రాగి వైరే తీసుకో, మామూలు రాగి ఉప్పు గాలికి లోలోపలే నల్లబడిపోతుంది. ఫ్యూజు స్విచ్ దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్‌కి దగ్గరగా, 18 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మధ్యలో వైరు ఎక్కడ రాసుకుని షార్ట్ అయినా ఆ ఫ్యూజే కాపాడాలి కదా. జాయింట్లు క్రింప్ చేసి, అంటే లోహపు గొట్టంలో పెట్టి నొక్కి, పైన వేడికి బిగుసుకునే, జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం తొడుగు. జాయింటు ఏదీ అడుగున నీళ్లు చేరే చోట ఉండకూడదు.

మోటారు స్టార్ట్ చేసే బ్యాటరీ మీద ఈ లైట్లు వేయకు. అయిదు గంటలు వెలిగితే 25 ఆంపియర్ అవర్లు ఖర్చు. నడి నీళ్లలో అర్ధరాత్రి తాళం తిప్పితే "టిక్" అంటుంది, అంతే. లైట్లకి వేరే బ్యాటరీ పెట్టుకో.

అన్నీ అయ్యాక వెలుగుతున్నాయో లేదో చూడాలని చెయ్యి దురద పెడుతుంది. గట్టు మీద రెండు మూడు సెకన్లు వేసి ఆపెయ్. నీళ్లే వాటికి ఫ్యాను. బయట అలాగే వదిలేస్తే వేడెక్కి మాడిపోతాయి. బోటు వేగం అందుకున్నప్పుడు వెనక పలక నీటి పైకి తేలుతుంది, కాబట్టి పరిగెత్తేటప్పుడు కూడా ఆపెయ్యాలి.

వేగం సంగతి వదిలేసినా, నడిచే బోటుకి అవి వెలగకపోవడమే మంచిది. 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లో 20వ నిబంధన ఉంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా నావిగేషన్ లైట్లని పొరబడేవి గానీ, వాటిని మరుగుపరిచేవి గానీ, నడిపేవాళ్ల చూపుకి అడ్డమయ్యేవి గానీ ఏ లైట్లూ వెలగకూడదని. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు చూసే కదా ఎదుటి బోటు నువ్వు ఎటు పోతున్నావో తెలుసుకునేది! రంగులు మారే లైటు కొన్నావేమో, ఎరుపు పనికిరాదు. పైగా నీళ్లు ఎరుపుని ముందే మింగేస్తాయి, కొన్ని మీటర్లకే మాయమవుతుంది. తేటగా ఉన్న సముద్రంలో నీలం దూరం పోతుంది, నాచు కలిసిన నీళ్లలో ఆకుపచ్చ నయం. మిణుకుమిణుకుమనే మోడ్ అసలు వేయకు, చాలా దేశాల్లో నీలం మిణుకు పోలీసు బోట్లది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు దగ్గర లంగరేస్తే పూర్తిగా ఆర్పెయ్. పిల్లలు వెలుగు ఎటుంటే అటే పాకుతాయి.

నీ స్నేహితులు ఆ వెలుగు చూసి దూకుతామంటారు, నాకు తెలుసు. పైనుంచి చూస్తే నీటి అడుగు ఉన్నదానికన్నా పైకి కనిపిస్తుంది, నాలుగు మీటర్ల లోతు మూడులా. వెనక నిచ్చెన దగ్గరే ప్రొపెల్లర్ ఉంటుంది. ఎవరు నీళ్లలో ఉన్నా మోటారు తాళం తీసి నీ జేబులో ఉండాలి.

బోటు నీళ్లలోకి దించే రోజు నాకు ముందే చెప్పు. ట్రైలర్ మీదనుంచి పూర్తిగా తీసేయకుండా వెనక భాగం మాత్రం మునిగేలా అరగంట ఆపి, లోపల ప్రతి బెజ్జం చుట్టూ పొడి టిష్యూ అద్ది చూడాలి. టార్చి నేను పట్టుకుంటాను. ఈసారి చెక్క కనిపిస్తే రెండోసారి కూడా అడుగుతాను.

మీ అమ్మ

తా.క.: ఫైబర్ కోసేటప్పుడు మాస్కు, కళ్లజోడు, పొడుగు చేతుల చొక్కా వేసుకో. ఆ పొడి ఒంటికి అంటితే దురద ఓ పట్టాన పోదు. ఆ చొక్కా వేరేగా ఉతుకు.