పల్లికరణైకి హద్దురాళ్లు వేయించండి

గౌరవనీయులైన తమిళనాడు అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చెన్నై వేళచ్చేరిలో ఉంటున్న తెలుగువాడిని. ఇదే ఉత్తరం తమిళంలో మీ ఆఫీసుకు పంపాను. ఇక్కడి మనవాళ్లు కూడా చదవాలని తెలుగులో పెడుతున్నాను.

మా పక్కనే ఉన్న పల్లికరణై చిత్తడి నేలకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ ఆ సుమారు 1,248 హెక్టార్లలో రిజర్వు ఫారెస్టు కింద ఉన్నది దాదాపు 700 హెక్టార్లే. మిగతాది ఏ సర్వే నంబర్లలో ఉందో ఫ్లాటు కొనేవాడికి తెలియదు, అమ్మేవాడు చెప్పడు. "మార్ష్ వ్యూ సార్" అని రేటు మాత్రం పెంచుతాడు.

దక్షిణ చెన్నైలో పదుల చెరువులు అలుగు పారితే ఆ నీరంతా చేరేది ఇక్కడికే. కొంత ఇంకి, మిగిలింది ఒక్కియం మడువు అనే వాగు మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. దారిలో పెరుంగుడి చెత్త డంపు, రోడ్లు, ఐటీ భవనాలు. 2015లో, మళ్లీ 2023లో మిచౌంగ్ తుఫానుకి మా వైపు వీధుల్లో పడవలు తిరిగాయి. వానను తిట్టి ఏం లాభం? అది నిలవాల్సిన చోట మేం కాపురం ఉంటున్నాం.

ఇంత జరిగినా రేడియల్ రోడ్డు పక్కన నిలబడితే నీలం బొల్లికోడి కనిపిస్తుంది. తుంగ కాడను పొడవాటి ఎర్రటి వేళ్లతో పట్టుకుని, చీల్చి, లోపలి మెత్తటి దూట తింటుంది. వెనకాల డంపు గుట్ట.

చెన్నైకి దక్షిణాన పక్షుల చెరువున్న వేడంతాంగల్‌లో రైతులు పక్షుల జోలికి ఎవరినీ రానివ్వరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తరతరాలుగా తెలుసు. 18వ శతాబ్దం చివర్లోనే కలెక్టరును అడిగి పక్షులకు రక్షణ రాయించుకున్నారు. మా సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులోనూ గూడబాతులు దిగితే ఊరికి శుభమనుకుంటారు. పల్లికరణై చుట్టూ ఇప్పుడు అలాంటి రైతులు తక్కువ. ఉన్నది మాలాంటి అద్దెవాళ్లు, ఈఎంఐలు కట్టుకునేవాళ్లు. ఊరు కాపలా కాయని చోట సర్కారే కాయాలి.

అందుకే అడుగుతున్నాను. రామ్‌సర్ హద్దును సర్వే నంబర్లతో సహా ప్రకటించండి. నేల మీద రాళ్లు పాతించండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఆ మ్యాపు అతికించండి. సుందరీకరణ పేరుతో రంగు లైట్లు, ఫౌంటెన్లు మాత్రం వద్దు, బురదలో మేసే పక్షులకు అవి అక్కర్లేదు. ఆ డబ్బుతో అక్టోబరు వానలు మొదలయ్యేలోపు ఒక్కియం మడువు పూడిక తీయిస్తే మా టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇట్లు,
వేళచ్చేరి నివాసి