ఇన్‌వర్డ్ నంబరు లేని మాట

నల్లగొండ,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

పొద్దున ఫోనులో నీకు ఏమీ చెప్పలేకపోయాను. మీ కారు అలారం రాత్రిళ్లు ఊరికే మోగుతోందని, రిమోట్ సెల్లార్‌లో పనిచేయదని అరగంట నువ్వే మాట్లాడావు. మధ్యలో మీ వాచ్‌మన్ వచ్చాడు, కుక్కర్ కూత పెట్టింది, చివరికి "సరేలే అమ్మా" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపలేవు.

అన్నిటికంటే ముందు, ఆ సైరన్ తీగ కత్తిరించే పని ఎవరితోనూ చేయించకు. అల్లుడికి తెలిసిన మెకానిక్ మంచివాడే కావచ్చు, రెండు నిమిషాల పనే కావచ్చు. వారంటీలో ఉన్న బండికి బయటివాళ్లు తీగ కోశారంటే, రేపు హెడ్‌లైటు వెలగకపోయినా షోరూమువాళ్లు ఆ తెగిన తీగనే చూపిస్తారు. అంతగా నిద్ర కరువైతే, రిమోట్ లోపల దాగి ఉండే ఇనుప తాళంచెవి తీసి దానితో తలుపుకు తాళం వెయ్యి. చాలా కార్లలో అలా వేస్తే అలారం పనిలోకి దిగదు. తలుపులన్నీ పడ్డాయో లేదో ఒక్కొక్కటీ లాగి చూడు. మీ కారుకు ఈ పద్ధతి కుదురుతుందో లేదో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకానికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదని నాకు తెలుసు.

మన కారు గోల నీకు ముక్కలు ముక్కలుగా చెప్పాను గానీ మొత్తం ఎప్పుడూ చెప్పలేదు. పోయిన కార్తీకంలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాం. సోమవారం, విపరీతమైన జనం. లోపల లింగం మీద పొద్దంతా కదలకుండా నిలిచే నీడ ఏ స్తంభానిదా అని అందరూ మెడలు తిప్పి చూస్తున్నారు. దర్శనం చేసుకుని బయటికొచ్చి నాన్న కారు హ్యాండిల్ మీది బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. రిమోట్ నొక్కారు. చొక్కాకు తుడిచి నొక్కారు. ఊది నొక్కారు. నేను రిమోట్ లాక్కుని, వెనకనున్న చిన్న మీట జరిపి తాళంచెవి తీసి తలుపు తెరిచాను. తెరిచీ తెరవగానే కారు గుడి దద్దరిల్లేలా అరవడం మొదలుపెట్టింది. కొబ్బరికాయలు అమ్మే అబ్బాయి లేచి నిలబడ్డాడు. మీ నాన్న చేతులు ఊపుతూ "ఇది మా కారే, మా కారే" అని అందరికీ చెప్పసాగారు. అలా చెప్పేవాణ్ని ఎవరు నమ్ముతారు?

రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుని ఆ బటన్ నొక్కితే ఇంజను స్టార్టయింది, అరుపు ఆగింది. సెల్లు చచ్చిపోయినా రిమోట్‌లో ఒక చిన్న చిప్పు బతికే ఉంటుంది. దానికి కావలసిన కరెంటు కారే అందిస్తుంది. కాకపోతే దాదాపు ఆనించినంత దగ్గరగా పెట్టాలి. ఇదంతా పుస్తకంలో ఉంది. గుడి మెట్ల మీద కాదు, ఇంటికొచ్చాక చదివాను.

తర్వాత మన వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. హ్యాండిల్ ముట్టుకోగానే కారు చుట్టూ మీటరు దూరం దాకా 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పిలుపు పంపుతుంది. జేబులోని రిమోట్ అది విని 433 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. ఆ జవాబు ప్రతిసారీ మారుతుంది, అందుకే ఎవరో ఒకసారి పట్టుకుని దాచుకున్నా మళ్లీ పనికిరాదు. రిమోట్‌కు ఉన్న బలమంతా మూడు వోల్టుల బిళ్ల సెల్లు. మన రిమోట్ ఎక్కడ వేలాడేదో గుర్తుందా? వరండా గోడకు, నీ పెళ్లి ఫోటో పక్కన మేకుకు. గోడకు అవతలే కారు. ఎవరూ ముట్టుకోకపోయినా కొన్ని కార్లు అప్పుడప్పుడూ పిలుస్తూనే ఉంటాయట. రాత్రంతా అవి అలా ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉంటే సెల్లు ఏడు నెలలకే అయిపోయింది.

షోరూములో ఏమన్నారో తెలుసా? రిమోట్ పాడైంది, కొత్తదానికి తొమ్మిది వేలు. "రెండో రిమోట్‌తో చూశారా?" అని అడిగాను. కౌంటరు అబ్బాయి నా ముఖం చూశాడు. రెండు రిమోట్లూ పనిచేయకపోతే జబ్బు కారుది, ఒకటే పనిచేయకపోతే జబ్బు ఆ రిమోట్‌ది. ఇది తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవాలా? గడియారం సెంటరులో వాచీలు బాగుచేసే ఆయన దగ్గర సీఆర్ 2032 సెల్లు వందలోపు దొరికింది. పాతది ఏ ముఖం పైకి ఉందో చూసుకుని, కొత్తదాన్ని అంచులు పట్టుకుని పెట్టారు. వేళ్ల జిడ్డు అంటకూడదట. ఇప్పుడు రిమోట్ వంటింట్లో స్టీలు డబ్బాలో ఉంటుంది. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని పెంచి బయటి కారు దాకా చేరవేసి తలుపు తీసే దొంగలు ఉన్నారు కదా, మూత బిగుతుగా ఉంటే వాళ్ల బాధా తగ్గుతుంది. డబ్బా సరైనదో కాదో తెలుసుకోవడం తేలిక: మూతపెట్టి కారు పక్కకు తీసుకెళ్లి హ్యాండిల్ నొక్కు. తెరుచుకుంటే డబ్బా మార్చు.

ఇక అలారం. అసలు యుద్ధం అక్కడే జరిగింది.

వారానికి రెండు మూడు రాత్రులు అరిచేది. పక్కింటి పిల్లవాడికి ఇంటర్ పరీక్షలు. వాళ్ల అమ్మ ఏమీ అనలేదు గానీ ముగ్గుపిండి అడగడానికి రావడం మానేసింది. మొదటిసారి షోరూముకు నాన్న వెళ్లారు. ఫిర్యాదులు రాసుకునే సలహాదారుతో ముప్పావు గంట మాట్లాడి, టీ తాగి, చాలా మర్యాదస్థుడని మెచ్చుకుంటూ తిరిగొచ్చారు. జాబ్ కార్డు, అంటే కారుకు ఏం పని చేయాలో వాళ్లు రాసే కాగితం, చూస్తే "జనరల్ చెకప్" అని ఉంది. కింద "సమస్య కనిపించలేదు" అని సంతకం. రెండోసారి బ్యాటరీ దిగిపోయిందని చార్జింగ్ పెట్టి 650 రూపాయలు తీసుకున్నారు. వాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. నిండుగా ఉన్న కారు బ్యాటరీ, ఇంజను ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టులు చూపించాలి, మనది 12.1 చూపించింది. బ్యాటరీ నీరసపడితే కొన్ని కార్లు అకారణంగా అరుస్తాయి కూడా. కానీ రాత్రి మూడేసిసార్లు అరిచిన కారుకు బ్యాటరీ దిగదా? చార్జింగ్ పెట్టిన నాలుగో రోజే మళ్లీ అరిచింది.

అప్పుడు నేను పాత ఆఫీసు పుస్తకం ఒకటి తీసి గీతలు కొట్టాను. తేదీ, సమయం, కారు ఎక్కడుంది, ఆ రోజు ఎక్కడ తిరిగింది, వాన పడిందా, కడిగామా, ఏ రిమోట్ వాడాం. ట్రెజరీలో 31 ఏళ్లు బిల్లులు చూసిన దాన్ని. ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితానికీ వేసే ఇన్‌వర్డ్ నంబరు నోటిమాటకు ఉండదు. పదకొండుసార్లు అరిచాక పుస్తకం ముందేసుకుని చూస్తే, అందులో తొమ్మిది సార్లు మిర్యాలగూడ పెద్దనాన్న మిల్లు నుంచి వచ్చిన రాత్రులో, కారు కడిగిన రాత్రులో. మిల్లు ఆవరణలో ఊక దుమ్ము ఎలా లేస్తుందో నీకు తెలుసు.

మూడోసారి నేనే వెళ్లాను. ఆ అబ్బాయి "అలారం చెక్" అని రాస్తుంటే ఆపి, నేను చెప్పినట్టు రాయమన్నాను: "తాళం వేసి ఉండగా, ఎవరూ ముట్టుకోకుండా అలారం మోగుతోంది. పదకొండు సార్లు మోగింది, తేదీల జాబితా జతచేశాం. కడిగిన తర్వాత, దుమ్ములో తిరిగిన తర్వాత ఎక్కువ. బానెట్, తలుపుల స్విచ్చులు చూడాలి." అతను కాస్త చిరాకుపడ్డాడు. కంప్యూటర్లో అంత చోటు లేదన్నాడు. ఉన్నంత వరకు అందులో రాసి మిగిలింది కాగితం వెనక రాయమని, దాని నకలు మీద ముద్ర వేయించుకున్నాను.

లోపల పనిచేసే కుర్రవాడు ఆ కాగితం చదివాడు. కారు లోపలి కంప్యూటరును చదివే స్కానరు తగిలించాడు. చివరిసారి అలారం ఎందుకు మోగిందో కొన్ని కార్లు గుర్తుపెట్టుకుంటాయట. మనది గుర్తుపెట్టుకుంది: బానెట్ తెరుచుకుంది. ఎవరూ తెరవలేదు. బానెట్ కొక్కెంలో ఉండే చిన్న స్విచ్చిలో ఊక దుమ్ము చేరి, దానికి నీళ్లు తగిలి, మూసిన బానెట్‌ను తెరిచినట్టు చెబుతోంది. పావుగంటలో తేల్చాడు. వారంటీలో స్విచ్చి మార్చారు, పైసా తీసుకోలేదు. "ముందే ఎందుకు చూడలేదు నాయనా?" అని అడిగితే, "నాకు చెకప్ అని వచ్చిందమ్మా, చెకప్ చేశాను" అన్నాడు. అతన్ని ఏమంటాం? నాన్న ముప్పావు గంట చెప్పిన కథ కౌంటరు దగ్గరే ఆగిపోయింది. బండి కింద పడుకునేవాడికి చేరేది జాబ్ కార్డు ఒక్కటే. నువ్వు మేనేజరు మీద ఎంత గట్టిగా అరిచినా ఆ అరుపు కార్డు మీద పడదు, బిడ్డా.

నీ సంగతికి వస్తాను. నువ్వు రెండు ఫిర్యాదులు చెప్పావు. ఒకటి, రాత్రి అలారం. రెండు, రిమోట్ మీ సెల్లార్‌లో పనిచేయదు, ఆఫీసు దగ్గర బాగానే పనిచేస్తుంది. రెండోది షోరూముకు చెప్పకు. ఒక్కచోటే పనిచేయకపోతే తప్పు ఆ చోటుది. సెల్లార్‌లో నీ కారు పక్కన ఏముందో చూడు: ఇన్వర్టరా, ఎల్‌ఈడీ దీపమా, కెమెరా డబ్బానా. నాలుగు అడుగుల అవతల పెట్టి ప్రయత్నించు. ఫోను, రిమోట్ ఒకే సంచి అరలో వేసే అలవాటు కూడా మానుకో. బలమైన ఫిర్యాదు పక్కన బలహీనమైనది పెడితే వాళ్లు బలహీనమైనదానికే జవాబిస్తారు. ట్రెజరీలో నేనూ అంతే చేసేదాన్ని, ఒక్క ఓచరు తప్పుంటే కట్టంతా వెనక్కి పంపేదాన్ని.

శనివారం లోపు పుస్తకం మొదలుపెట్టు. అలారం మోగేటప్పుడు ఫోనులో వీడియో తీయించు, ఏ దీపాలు వెలుగుతున్నాయో కనిపించాలి. కార్డులో నీ మాటలే ఉండాలి. కారు ఇచ్చేటప్పుడు "సమస్య తీరింది" అన్న చోట సంతకం పెట్టమంటారు. "వారం చూసి చెబుతాను" అని రాసి పెట్టు. మర్నాడు ఫోను చేసి "పదికి పది మార్కులు ఇవ్వండి మేడమ్" అని బతిమాలుతారు. పాపం, ఆ పిల్లల జీతం దానిమీద ఉంటుందేమో. అయినా కారు నోరు మూసే దాకా ఇవ్వకు.

మూడుసార్లు తిప్పినా తేలకపోతే షోరూముకూ కంపెనీకీ కలిపి ఒకే మెయిలు రాయి. జాబ్ కార్డులు జతచేసి, పదిహేను రోజులు గడువు పెట్టు. నేను ఆ 650 రూపాయల కోసం రాసిన ఉత్తరం పన్నెండు వాక్యాలే. ఒక్క విశేషణం వాడలేదు. తొమ్మిదో రోజు డబ్బు తిరిగొచ్చింది. క్షమాపణ రాలేదు, నేను అడగలేదు కూడా. దానికీ జవాబు లేకపోతే 1915కు ఫోను చేయి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక, నువ్వు హైదరాబాదులో కొన్నా మహబూబ్‌నగర్‌లో ఉంటున్నావు కాబట్టి అక్కడే వేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. కారు ధర పది లక్షలకూ ఇరవై లక్షలకూ మధ్య ఉంటే ఫీజు 400 రూపాయలు. లోపం బయటపడ్డ రెండేళ్లలోపు వేయాలి. అంత దూరం పోతుందని నేననుకోను. కానీ పోయే దారి తెలిసినవాళ్ల ఉత్తరం వేరుగా ఉంటుంది, చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇంకొకటి, నీ రెండో రిమోట్ ఎక్కడుంది? అల్లుడి టేబుల్ సొరుగులోనా, కొన్ననాటి సంచిలోనా? వెతికి పెట్టు. కారు పోతే ఇన్సూరెన్సువాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు.

పెద్దనాన్న వాళ్ల తమ్ముడు బుధవారం మహబూబ్‌నగర్ వస్తున్నాడు. అతనితో బత్తాయిలు, బ్యాటరీ వోల్టులు చూసే నాన్న మల్టీమీటరు, గీతలు కొట్టిన పుస్తకం ఒకటి పంపుతున్నాను. మొదటి పేజీలో తేదీ కూడా నేనే వేశాను. బత్తాయిలు వాచ్‌మన్‌కూ రెండు ఇవ్వు, మీ కారు వల్ల నిద్రలేనిది అతనికే.

ఇట్లు,
అమ్మ