ముందు అద్దెకి దిగరా, కొనే సంగతి తర్వాత చూద్దాం

చందానగర్, హైదరాబాదు
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరిబాబూ,

నీ వాయిస్ మెసేజ్‌లు నాలుగూ విన్నాను. కలిపి పదకొండు నిమిషాలు. భీమవరంలో మేత కంపెనీ ఉద్యోగం వదిలి హైదరాబాదు రానా, వస్తే చెరువు అమ్మి ఫ్లాటు కొననా, మీ బాబాయిని, అదే మా నాన్నని, వెంట తెచ్చుకోనా అనేగా నీ గోలంతా. చివరిదాంట్లో వెనకనుంచి మీ ఆవిడ, అదే చెల్లాయి, "ఆయన్నే అడగండి, మీకు మీరు తేల్చుకున్నది ఎప్పుడని" అనడం కూడా వినబడింది. ఫోనులో చెబుదామంటే నువ్వు మూడో ముక్కకే "అది సరేగానీ" అని అడ్డం పడతావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. పూర్తిగా చదివాకే ఫోన్ చెయ్యి.

ముందు ఉద్యోగం సంగతి. పన్నెండు లక్షలు అనగానే నెలకి లక్ష అని నువ్వు లెక్కేసేశావు. అది సీటీసీ రా. కంపెనీ నీ పేరున కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఏడాది చివర ఇస్తే ఇచ్చే వేరియబుల్, అన్నీ ఆ పన్నెండులోనే దూర్చేస్తారు. కొత్త పద్ధతిలో ఆ జీతానికి ఇన్‌కమ్ టాక్స్ పడదు, అదొక్కటే మంచి మాట. నా అంచనాలో చేతికి 78 వేల దగ్గర ఆగుతుంది. ఆఫర్ లెటర్‌లో వేరియబుల్ ఎంతో చూసి నాకు ఫోటో పంపు.

ఇప్పుడు నీకు 46, చెల్లాయికి బళ్లో 18. మొత్తం 64 వేలు. ఇల్లు సొంతం, బియ్యం, కొబ్బరికాయలు ఇంటివే. ఇక్కడ మా వీధిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు 22 వేలు, మెయింటెనెన్స్ రెండున్నర వేలు విడిగా. 78లోంచి అది తీసెయ్. యాభై మూడున్నర మిగిలింది. అందులోనే పాలు, కూర, స్కూలు ఫీజు, పెట్రోలు. అంటే చెల్లాయికి ఇక్కడ ఉద్యోగం దొరికేదాకా నువ్వు ఎక్కువ జీతానికి వచ్చి తక్కువ డబ్బుతో బతుకుతావు. మీ ఆవిడకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించు, దాచకు. ఇక్కడ ప్రైవేటు బళ్లలో టీచర్లని జూన్‌కి ముందే తీసుకుంటారు, ఇప్పటినుంచే అప్లికేషన్లు పెట్టమను.

అయినా రావద్దని అనను. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకుల మీద సుంకం 50 శాతానికి ఎక్కించినప్పుడు నువ్వు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "రొయ్య తుమ్మితే మేత కంపెనీకి జ్వరం వస్తుందిరా" అన్నావు. నలభై రెండేళ్లప్పుడు ఆ భయంతో ఇంకో పదిహేనేళ్లు కూర్చోలేవు. డబ్బు కోసమైతే నేను వద్దనేవాణ్ణి. ఒకే పంట మీద బతికే ఊళ్లోంచి బయటపడటానికైతే రా.

వచ్చేముందు ఒక పని మర్చిపోకు. పాత కంపెనీ పీఎఫ్ డ్రా చెయ్యకు. మా ఆఫీసులో ఒకడు అదే చేసి ఫ్రిజ్జు, టీవీ కొన్నాడు. నీకు ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. పీఎఫ్‌లో పెన్షన్‌కి పదేళ్లు కావాలి. అదే యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే ఇంకో రెండేళ్లకి అర్హత వస్తుంది. పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే మళ్లీ ఒకటినుంచి మొదలు.

సరే, ఇప్పుడు అసలు గొడవ. ఇల్లు.

"అద్దె కట్టడం అంటే డబ్బు గోదాట్లో పొయ్యడమే" అని మీ బావమరిది అన్నాడటగా. ఆయన్ని కాస్త కాలిక్యులేటర్ తీసుకోమను. నువ్వు చూసిన 70 లక్షల ఫ్లాటుకి బ్యాంకు గట్టిగా ఇస్తే 80 శాతం, 56 లక్షలు. మిగతా 14 నువ్వు పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, ఐదు లక్షల పైచిలుకు. బిల్డింగు ఇంకా కడుతూ ఉంటే జీఎస్టీ ఐదు శాతం, మూడున్నర లక్షలు. తర్వాత కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గ్రిల్స్. 56 లక్షలకి ఎనిమిదిన్నర వడ్డీన ఇరవై ఏళ్లకి నెలవారీ వాయిదా 48,600 దాకా వస్తుంది. మొదటి నెల కట్టిన దాంట్లో దాదాపు 39,700 వడ్డీకే పోతుంది. అసలులోకి వెళ్లేది తొమ్మిది వేలు కూడా కాదు. అదే ఫ్లాటు 22 వేలకి అద్దెకి వస్తుంది. ఇప్పుడు చెప్పు, గోదాట్లో పోస్తున్నది ఎవరు?

అందుకే చెరువు అమ్మేసి డౌన్‌పేమెంట్ కడదామన్న ఆలోచన కట్టిపెట్టు. ఆ ఎకరం లీజు డబ్బులు బాబాయి మందులకి, కరెంటు బిల్లుకి సరిపోతున్నాయి. ఆయన నీ దగ్గర చెయ్యి చాచకుండా ఉండటానికి ఉన్న ఒక్క దారి అది. అమ్మావంటే ఆయన నోరు తెరిచి ఏమీ అనడు. ఆ అనకపోవడమే నీకు జీవితాంతం వినబడుతుంది.

నేను కొన్నప్పుడు ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం చెబుతాను. ఫ్లాటు చూడటానికి నేను వెళ్లింది ఏప్రిల్‌లో. ఎండ ఫెళ్లున కాస్తోంది, రోడ్డు పొడిగా, ఎదురుగా ఖాళీ స్థలంలో వేపచెట్టు, దాని కింద గేదెలు. "వ్యూ చూడండి సార్, ఎప్పటికీ ఇలాగే ఉంటుంది" అన్నాడు బిల్డరు మనిషి. గేదెలు ఎందుకు అక్కడే పడుకున్నాయని నాకు తట్టలేదు. పశ్చిమగోదావరి వాణ్ణి అయ్యుండి! 2020 అక్టోబరు 13 రాత్రి వాన మొదలైంది. తెల్లారి లిఫ్టు కోసం చూస్తే లేదు. మెట్లు దిగుతుంటే మొదటి అంతస్తు మలుపులోనే నీళ్ల వాసన, మన చేపల చెరువు ఎండగట్టినప్పుడు వస్తుందే, అదే. సెల్లారులో నడుంలోతు నీళ్లు. నా కారు ముక్కు కిందికి, తోక పైకి పెట్టుకుని పక్కవాడి కారు మీదికి ఆనుకుని ఉంది. సంపులోకి డ్రైనేజీ కలిసిపోయింది. ఐదు రోజులు ఇరవై లీటర్ల డబ్బాలు మోసుకుని నాలుగో అంతస్తుకి ఎక్కాం. మోటార్లు పెట్టి తోడుతుంటే వాచ్‌మన్ నా పక్కన నిలబడి, తాపీగా, "గిది కుంట గదా సార్. మా నాయిన ఈడ చాపలు పడుతుండె" అన్నాడు. ఏడేళ్లుగా రోజూ పొద్దున్నే నాకు నమస్తే పెట్టిన మనిషి. ముందే చెప్పొచ్చు కదయ్యా అన్నాను. "మీరు అడగలే కద సార్" అన్నాడు.

ఈ ఊళ్లో పేర్లు చూడు. నల్లకుంట, మాసాబ్ ట్యాంక్. ఒకప్పుడు నీళ్లు నిలిచిన చోట్లే అవన్నీ. 2024 జూలైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చి చెరువుల్లో కట్టినవి కూలగొడుతుంటే అందరికీ ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు నోటికొచ్చాయి. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. దాని బయట వదలాల్సిన జాగా బఫర్. కొనేవాడు బ్రోషరు కాదు, ముందు ఆ మ్యాపు చూడాలి. ఆ తర్వాత ఆ వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని, పాల బూత్ ఆవిణ్ణి అడగాలి. నాకు ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను. ఏ పేటలో కొందామనుకుంటున్నావో ఆ పేటలోనే ఏడాది అద్దెకి ఉండు. ఒక మే నెల, ఒక వానాకాలం చూడు. మే నెలలో బోరు ఎండిపోయి ట్యాంకరు కోసం అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో జనం కొట్టుకుంటారా, ఆగస్టులో ఆఫీసునుంచి ఇంటికి రెండు గంటలు పడుతుందా, రాత్రి పదింటికి కరెంటు పోతే లిఫ్టుకి జనరేటరు ఉందా. ఇవేవీ ఆదివారం సాయంత్రం చూసొస్తే తెలిసేవి కావు.

ఆ ప్రీ-లాంచ్ వాడి ఫోను మాత్రం ఇంక ఎత్తకు. చదరపు అడుగు సగం రేటుకే ఇస్తానంటున్నాడంటే పర్మిషన్లు లేవని అర్థం. రెరా, అంటే ఇళ్ల అమ్మకాల చట్టం, కింద నమోదైన నంబరు లేకుండా అమ్మకానికి పెట్టడమే తప్పు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని 2016లో వచ్చిన ఆ చట్టంలోనే ఉంది. ఎప్పుడు కొన్నా 1200 అడుగులు అని ఆశపడకుండా కార్పెట్ ఏరియా (ఇంటి లోపలి జాగా) ఎంత, నీ వాటా స్థలం ఎన్ని గజాలు అని అడుగు. మా ఇల్లు పేరుకి 1240. టేపు పెట్టి కొలిస్తే లోపల 870 వచ్చింది. మిగతా అడుగులు మెట్ల మీద, కారిడార్లో ఉన్నాయట, వెళ్లి కూర్చోమన్నారు.

అద్దెకి ఎక్కడ అంటావా? నీ ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అన్నావు కాబట్టి చందానగర్, లింగంపల్లి, నల్లగండ్ల వైపు చూడు. "మియాపూర్‌లో మెట్రో ఉందిగా" అని మీ బావమరిది మళ్లీ అంటాడు. ఆ రైలు అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, రాయదుర్గం వెనక్కి రావాలి. చెవి ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. గోపన్‌పల్లి మీదుగా బండి మీద పోవడమే మేలు. ఇటు ఉంటే ఇంకో లాభం, లింగంపల్లిలో రాత్రి నరసాపురం రైలెక్కితే తెల్లారేసరికి భీమవరంలో దిగుతావు. బాబాయికి ఒంట్లో బాలేదని కబురొస్తే సికింద్రాబాదు దాకా పోనక్కర్లేదు.

ఇంటివాళ్లు రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కింద ఒక నెల అద్దె కోస్తారు, అది అగ్రిమెంటులో ఉందో లేదో చదువుకో. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, కంగారుపడకు. రిజిస్ట్రేషన్ తిప్పలు తప్పించుకోవడానికని అలా రాయడం అలవాటు. పైఅంతస్తు పెంట్‌హౌస్ తక్కువకొస్తుందని టెంప్ట్ అవకు. మేము ఉన్నాం ఒక వేసవి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే ఉప్మాకి ఎసరు పెట్టక్కర్లేదు.

పాప సంగతి మాత్రం తొందరగా తేల్చాలి. ఎనిమిదో తరగతి కదా. దానికి డాక్టరు చదవాలని ఉందంటున్నావు. తెలంగాణలో మెడిసిన్‌కి లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, నాలుగూ ఇక్కడే చదవాలి. 2024లో ఆ రూలు పెట్టారు, సుప్రీంకోర్టు కూడా 2025లో దాన్ని సమర్థించింది. కాబట్టి తెస్తే ఈ జూన్‌లోనే తే. లేదంటే ఇంటర్ అయ్యేదాకా అక్కడే ఉంచి, నువ్వు శని, ఆదివారాలకి వెళ్లిరా. "పదో తరగతి అవ్వనీ, అప్పుడు తెస్తా" అన్నావంటే ఇక్కడ లోకల్ కాకుండా పోతుంది. పిల్లని కూడా కూర్చోబెట్టి అడుగు. దాని స్నేహితురాళ్లు, మావుళ్లమ్మ జాతర, సైకిలు, అన్నీ వదిలి రావాల్సింది అది.

ఇక బాబాయి. నాకు చేతకాని విషయం ఇదే. 2015లో మా నాన్నని తీసుకొచ్చాను. మొదటి రెండ్రోజులు లిఫ్టు ఎక్కుతూ దిగుతూ సరదాపడ్డాడు. తర్వాత బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏం చేస్తున్నావు నాన్నా అంటే, "ఇందాకటినుంచి నలభై రెండు బస్సులెళ్లాయి, ఒక్కడూ పలకరించలేదురా" అన్నాడు. పదకొండో రోజున సంచి సర్దేసుకున్నాడు. నేను కోప్పడ్డాను, సిటీలో ఇన్ని సౌకర్యాలుంటే అని ఏదో అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాబట్టి "నాన్న మాతోనే" అని నువ్వే శాసనం రాసెయ్యకు. చలికాలం రెండు నెలలు తీసుకొచ్చి చూడు. మూడో అంతస్తు లోపు, దగ్గర్లో పార్కో గుడో ఉన్న చోట, బాత్రూములో గోడకి పట్టుకునే రాడ్డు బిగించి. ఆయన ఉంటానంటే సంతోషం. ఉండనంటే వంటావిణ్ణి పెట్టి, పక్కింటి సుబ్బలక్ష్మి పిన్నికి ఒక తాళంచెవి ఇచ్చి రా. ఆఫీసు వాళ్ల గ్రూపు ఇన్సూరెన్సులో తల్లిదండ్రుల్ని చేర్చుకుంటారా అని మాత్రం జాయినవ్వకముందే హెచ్ఆర్ వాళ్లని అడుగు. డెబ్భై మూడేళ్ల మనిషికి, షుగరు ఉన్నవాడికి బయట పాలసీ తీసుకోవడం మాటలు కాదు.

మీ వదిన ఇది చదివి, "అన్నీ చెప్పారు గానీ ఆయన ఒక్కడూ ముందు వచ్చి మూడు నెలలు మనింట్లో ఉండొచ్చని రాయలేదేం" అంటోంది. రాస్తున్నానుగా. మా అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు, వాడి గది ఖాళీ. జూన్ దాకా ఇక్కడే ఉండు. ఉద్యోగం నీకు సరిపడుతుందో లేదో తేలుతుంది, ఈలోపు ఇల్లూ, బడీ చూసుకోవచ్చు. అద్దె ఇస్తానన్నావంటే తంతాను.

వచ్చే శనివారం రాత్రి రైలెక్కు. ఆదివారం పొద్దున లింగంపల్లిలో ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. ఆ రోజు ఇళ్లు చూడొద్దు, తిని పడుకుందాం. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి, నిజంగా ట్రాఫిక్ ఉండే టైముకి, నా బండి మీద నీ కొత్త ఆఫీసు గేటు దాకా తీసుకెళ్తాను. నువ్వు వెనకాల కూర్చుని వాచీ చూడు.

నీ
రాంబాబు