నవ్వకుండా నవ్వించిన కీటన్‌నూ తలుచుకోండి

సంపాదకునికి,

మూకీ హాస్యం మీద ఎప్పుడు వ్యాసం వచ్చినా చాప్లిన్‌తో మొదలై చాప్లిన్‌తోనే ముగుస్తోంది. చాప్లిన్ గొప్పవాడే, కాదనను. కానీ ఆ కాలపు మరో మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్ గురించి రెండు ముక్కలైనా రాయకపోతే మనసుకు కష్టంగా ఉంటుంది.

1895లో అమెరికాలోని కాన్సస్‌లో పుట్టిన కీటన్, పసితనం నుంచే అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కాడు. తండ్రి అతన్ని స్టేజీ మీద అటూ ఇటూ విసిరేసేవాడు. ఎంత గట్టిగా పడ్డా ముఖం మామూలుగా పెడితేనే జనం ఎక్కువ నవ్వుతున్నారని చిన్నప్పుడే కనిపెట్టాడు. ఆ నవ్వని ముఖమే చివరిదాకా అతని గుర్తు.

1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' చూడండి. తుపానులో ఇంటి ముందుగోడ మొత్తం అతని మీదకు కూలుతుంది. తెరిచిన కిటికీ సరిగ్గా అతను నిలబడ్డ చోట పడడంతో బతుకుతాడు. అది ట్రిక్ కాదు, నిజమైన గోడ. అడుగు అటూ ఇటూ అయితే ప్రాణమే పోయేది. ఎన్నిసార్లు చూసినా నాకు టెన్షనే.

అదే ఏడాది ఎంజీఎం స్టూడియోలో చేరాక సినిమాల మీద అతని పట్టు పోయింది. తాగుడు, విడాకులు, 1933లో ఉద్యోగం ఊడడం వరుసగా జరిగాయి. పాత సినిమాలకు మళ్లీ ఆదరణ దక్కడం మాత్రం 1966లో కన్నుమూసేలోగా చూసుకోగలిగాడు.

మీ ఆదివారం అనుబంధంలో అతనికి ఒక్క పేజీ ఇవ్వండి.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం